ప్రొజెక్టరు బీరువాలోంచి బయటికి రావాలి

ప్రొజెక్టరుకు కంప్యూటరు కలపడం కూడా ఒక విషయమేనా, దాని మీద వార్షికోత్సవ సంచికలో వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వారు. స్కాలర్‌షిప్పుల ఆలస్యం మీద రాయొచ్చు, మెస్ ఛార్జీల మీద రాయొచ్చు, గ్రూప్స్ ప్రిపరేషన్ మీద రాయొచ్చు. వాటి గురించి రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దీని గురించి ఎవరూ రాయరు, ఎవరూ చెప్పరు, ఏ సిలబస్‌లోనూ ఇది ఉండదు. అందుకే మేము దీన్ని ఎంచుకున్నాం. పీజీలో చేరిన మొదటి సెమిస్టరులోనే మన మార్కుల్లో, మన గొంతులో దీని ప్రభావం కనిపిస్తుంది.

మేము అంటే ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు వేర్వేరు చోట్ల పీజీ చేస్తున్న నలుగురైదుగురం. రాసే చెయ్యి ఒకటే అయినా మాట అందరిదీ. మా మా ఇళ్లలో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్లం మేమే. 2020లో హాస్టళ్లు మూసేసినప్పుడు ఇంటికి వెళ్లి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులోనే అక్క కాసేపు, తమ్ముడు కాసేపు పాఠాలు విన్న బ్యాచి మాది. ఫోను మాకు కొట్టిన పిండి. కంప్యూటరు ఆలస్యంగా వచ్చింది. ప్రొజెక్టరు మాత్రం ఎదురుగా గోడ మీద వెలుగుగా కనిపించడమే తప్ప, దాని వెనక వైపు ఎలా ఉంటుందో పీజీ దాకా చూసిన పాపాన పోలేదు.

పీజీలో సెమినార్ అంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు మార్కులు ఉంటాయి. మాలో ఒకడు స్నేహితుడి దగ్గర లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, పదిహేను రోజులు తయారై వేదిక ఎక్కాడు. లాప్‌టాప్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ సాకెట్ ఒక్కటే. టేబుల్ మీద వేలాడుతున్నది పాత నీలం రంగు వీజీఏ వైరు. అవి రెండూ ఏ విధంగానూ కలవవు. వాడు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే ముందు వరసలో కూర్చున్న సారు, "లాప్‌టాప్ పట్టుకొచ్చావు, ఇది కూడా తెలియదా?" అన్నారు. క్లాసు నవ్వింది. ఇంకో విద్యార్థి లేచి, తన బ్యాగులోంచి జానెడు కన్వర్టర్ తీసి ఇచ్చాడు. బొమ్మ వచ్చింది. అప్పటికే నాలుగు నిమిషాలు పోయాయి. మిగిలిన ఆరు నిమిషాల్లో వాడి గొంతు పెగల్లేదు.

ఆ రోజు వాడికి తెలియనిది ఏమిటి? సబ్జెక్టు కాదు. ఇంగ్లీషు కూడా కాదు. ఆ కన్వర్టర్ అనే వస్తువు ఒకటి లోకంలో ఉందని, దాన్ని బ్యాగులో వేసుకుని రావాలని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇచ్చిన కుర్రాడికి తెలివి ఎక్కువ ఉండి తెలియలేదు. వాళ్ల నాన్న ఆఫీసులో మీటింగులు పెడతారు, ఇంట్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి సినిమాలు చూస్తారు. చేత్తో పట్టుకున్నాడు కాబట్టి వచ్చింది. మా వాదన మొత్తం ఇదే. ఇది తెలివికి సంబంధించిన విద్య కాదు, చెయ్యి తగలడానికి సంబంధించిన విద్య. చెయ్యి తగలనివ్వని చోట ఇది రాదు.

మన పిల్లలకు వైర్లంటే భయం అని ఎవరైనా అంటే మాకు నవ్వొస్తుంది. బోరు మోటారు స్టార్టరు మూత తీసి ఏ ఫేజు పోయిందో చూసే పిల్లలు మన హాస్టల్లో ఎంతమంది లేరు! మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు గుర్రుమంటుంది కానీ తిరగదని మనకు ఆరో తరగతికే తెలుసు. వీజీఏ వైరులోనూ దాదాపు అదే కథ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులు మూడు వేర్వేరు తీగల్లో వస్తాయి. ఎరుపు తీగ సరిగా తగలకపోతే బొమ్మ నీలి పచ్చగా మారుతుంది. నీలం పోతే పసుపు తిరుగుతుంది. అప్పుడు లాప్‌టాప్ పాడైందని కంగారు పడనక్కర లేదు. ప్లగ్గును ఒకసారి తీసి, నిదానంగా మళ్లీ పెట్టి, రెండు పక్కలా మరలు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇంకొక్క మాట. వీజీఏ ప్లగ్గులో మూడు వరసల్లో 15 పిన్నుల చోటు ఉంటుంది. చాలా వైర్లలో మధ్య వరసలో ఒక పిన్ను ఉండదు. అది విరిగిపోలేదు, తయారీలోనే వదిలేస్తారు. ఆ సంగతి తెలియక మంచి వైర్లను పారేసినవాళ్లు ఉన్నారు.

ఇన్ని రకాల సాకెట్లు ఎందుకు వచ్చాయో తెలుసుకుంటే సగం బెరుకు పోతుంది. వీజీఏను ఐబీఎం కంపెనీ 1987లో తెచ్చింది. మనం పుట్టకముందు సంగతి. అది బొమ్మను మాత్రమే మోస్తుంది, శబ్దాన్ని మోయదు. 1999లో డీవీఐ అని ఇంకొకటి వచ్చింది, మన క్లాసురూముల్లో అది కనిపించడం తక్కువ కనుక వదిలేద్దాం. 2002 చివర్లో హెచ్‌డీఎంఐ నియమాలు ఖరారయ్యాయి. అది టీవీల కోసం పుట్టి కంప్యూటర్లలోకి వచ్చింది. బొమ్మా శబ్దమూ ఒకే వైరులో వెళ్తాయి. 2006లో డిస్‌ప్లేపోర్టు వచ్చింది, దాన్నే చిన్నది చేసి 2008లో యాపిల్ కంపెనీ మినీ డిస్‌ప్లేపోర్టు అంది. 2014లో టైప్-సి వచ్చింది. మన ఫోన్ల ఛార్జరు పెట్టే సాకెట్ ఇదే.

2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శామ్‌సంగ్, ఎల్‌జీ కలిసి వీజీఏకు మంగళం పాడేస్తామని ప్రకటించాయి. గడువు 2015 అని కూడా చెప్పాయి. లాప్‌టాప్‌ల సంగతిలో ఆ మాట చాలావరకు నిలబెట్టుకున్నాయి. కొత్తవి కొన్నవాళ్లకు వీజీఏ సాకెట్ కనబడటం అరుదైపోయింది. కానీ కాలేజీ గోడకు ఆ ప్రకటన ఎవరు వినిపిస్తారు? ప్రొజెక్టరును పైకప్పుకు బిగించినప్పుడు, టేబుల్ దాకా వీజీఏ వైరును గోడలో పాతి ప్లాస్టరు చేశారు. యంత్రం మార్చొచ్చు. గోడ పగలగొట్టడానికి బడ్జెట్ ఎవరు శాంక్షన్ చేస్తారు? కంపెనీలు ఒక దారిన పోయాయి, గోడలు ఉన్నచోటనే ఉన్నాయి. మధ్యలో నిలబడి చెమటలు పట్టించుకున్నది విద్యార్థి. ఇది మన అజ్ఞానం అని మనల్ని నమ్మించినవాళ్లకు ఈ చరిత్ర తెలియదనే మేము అనుకుంటున్నాం.

కన్వర్టర్ విషయంలో ఒకటి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి వచ్చేది అంకెల రూపంలోని సంకేతం, వీజీఏకు కావలసింది కరెంటు హెచ్చుతగ్గుల రూపంలోని సంకేతం. ఒకదాన్ని ఇంకొకటిగా మార్చడానికి మధ్యలో చిన్న చిప్పు ఉండాలి. అందుకే ఉత్త వైరుతో పని జరగదు. పైగా అది ఒకవైపే పనిచేస్తుంది. లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ, ప్రొజెక్టరులో వీజీఏ ఉంటే ఒక రకం కావాలి. లాప్‌టాప్‌లో వీజీఏ, ప్రొజెక్టరులో హెచ్‌డీఎంఐ ఉంటే వేరే రకం కావాలి. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. షాపులో అడిగేటప్పుడు "ఎక్కడి నుంచి ఎక్కడికి" అన్నది స్పష్టంగా చెప్పాలి, లేకపోతే షాపువాడు చేతికి దొరికింది ఇస్తాడు. శబ్దం కావాలంటే ఆడియో రంధ్రం ఉన్నది తీసుకోవాలి. ధర రెండు మూడు వందల రూపాయల నుంచి మొదలవుతుంది.

టైప్-సి సంగతి ఇంకా గమ్మత్తు. ఆకారం ఒకటే, గుణాలు వేరు. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ సాకెట్ ఛార్జింగుకూ ఫైళ్లకూ మాత్రమే పనికొస్తుంది, బొమ్మను పంపదు. సాకెట్ పక్కన డిస్‌ప్లేపోర్టు గుర్తో, మెరుపు గుర్తో ఉంటే సాధారణంగా బొమ్మ పంపుతుందని అర్థం. తక్కువ ధర ఫోన్లలో చాలా వాటికి ఈ సౌకర్యం ఉండదు. కనుక కన్వర్టర్ కొన్నాక పనిచేయలేదని బాధపడే కంటే, కొనకముందే ఆ మోడల్ వివరాలు చూసుకోవడం మేలు. యాపిల్ లాప్‌టాప్‌లు మన దగ్గర ఎవరికి ఉంటాయి అనొచ్చు. కానీ రేపు మీ గైడ్ దగ్గర ఉండొచ్చు, మీ ఆఫీసులో పైఅధికారి దగ్గర ఉండొచ్చు, కలిపిపెట్టమని మిమ్మల్నే పిలవొచ్చు. 2018 నుంచి వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లలో బొమ్మ పంపడానికి టైప్-సి తప్ప వేరే సాకెట్ లేదు. మాక్‌బుక్ ప్రోలలో 2016లో తీసేసిన హెచ్‌డీఎంఐని 2021లో పెద్ద మోడళ్లలో మళ్లీ పెట్టారు. పెద్ద పెద్ద కంపెనీలే తీసి, మళ్లీ పెట్టుకుంటున్నాయి!

ఇక వైరు తగిలించాక "నో సిగ్నల్" అని వస్తే గుండె ఆగనక్కర లేదు. ఆ అక్షరాలు కనిపిస్తున్నాయంటే ప్రొజెక్టరు బతికే ఉందని అర్థం. రిమోట్‌లో కానీ, ప్రొజెక్టరు మీద కానీ "ఇన్‌పుట్" లేదా "సోర్స్" అనే బటన్ ఉంటుంది. మనం పెట్టిన సాకెట్ పేరు వచ్చేదాకా దాన్ని నొక్కాలి. కొన్ని ప్రొజెక్టర్ల వెనక వీజీఏ ఆకారంలోనే రెండు సాకెట్లు ఉంటాయి. ఒకటి లోపలికి, ఇంకొకటి "మానిటర్ అవుట్" అని బయటికి. బయటికి పోయే దాంట్లో పెట్టి సాయంత్రం దాకా కూర్చున్నా బొమ్మ రాదు. తర్వాత కంప్యూటరు వైపు. విండోస్ ఉంటే విండోస్ గుర్తు ఉన్న కీ, పి అక్షరం కలిపి నొక్కాలి. విండోస్ 7 నుంచి ఇది ఉంది. నాలుగు దారులు చూపిస్తుంది. "డూప్లికేట్" అంటే మన తెరా గోడా ఒకేలా ఉంటాయి. "ఎక్స్‌టెండ్" అంటే గోడ మీద స్లయిడు, మన తెర మీద నోట్సు. మొదటిసారి మాట్లాడేవాళ్లకు ఎక్స్‌టెండ్ దేవుడిచ్చిన వరం, ఎందుకో ఎవరూ చెప్పరు. ఉబుంటులో కూడా అదే కీ, పి పనిచేస్తుంది. మాక్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి "డిస్‌ప్లేస్" తెరవాలి. హెచ్‌డీఎంఐ పెట్టాక లాప్‌టాప్ మూగబోతే, శబ్దం ప్రొజెక్టరుకు వెళ్లిపోయిందన్నమాట. కింద మూలన స్పీకరు గుర్తు మీద నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు.

పాత ప్రొజెక్టర్లు చాలావరకు 1024 అడ్డం, 768 నిలువు చుక్కల లెక్కకు తయారైనవి. ఇప్పటి లాప్‌టాప్‌లు వెడల్పు తెరవి. అందుకే బొమ్మ నలిగినట్టు కనిపించడం, పైనా కిందా నల్ల పట్టీలు రావడం మామూలే. స్లయిడు చేసేటప్పుడే అంచుల్లో అక్షరాలు పెట్టకుండా ఉంటే సరిపోతుంది.

తెలుగులో సెమినార్ ఇచ్చేవాళ్లకు ఇంకో గండం ఉంది. మాలో తెలుగు ఎంఏ చదివే మిత్రుడు దీన్ని తప్పకుండా రాయమన్నాడు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన స్లయిడ్లు, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వైరు సరిగ్గానే కలిసింది, బొమ్మ కూడా వచ్చింది, కానీ ఒక్క ముక్క చదవడానికి లేదు. యూనికోడ్ తెలుగులో కొట్టుకుంటే ఈ బాధ ఉండదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కంప్యూటరుతో పాటే వచ్చింది. ఏదైనా సరే, పెన్‌డ్రైవులో పీడీఎఫ్ కాపీ ఒకటి పెట్టుకోవాలి. లాప్‌టాప్ మొరాయిస్తే పక్కవాళ్ల దాంట్లో పెట్టి చూపించుకోవచ్చు.

ఇదంతా రాసినంత తేలిక కాదు. ఈ వ్యాసం పదిసార్లు చదివినా చేతికి రాదు. సైకిల్ తొక్కడం మీద వ్యాసం చదివి ఎవరూ సైకిల్ నేర్చుకోలేదు. కాబట్టి అసలు విషయానికి వస్తాం. మన హాస్టల్లో ప్రొజెక్టరు ఉంది. ఒక దాత ఇచ్చారు. అది ఆఫీసు గదిలో బీరువా లోపల, గుడ్డ కప్పి, తాళం వేసి ఉంటుంది. ఆగస్టు 15కు, జనవరి 26కు, ఏప్రిల్ 14కు బయటికి వస్తుంది. అప్పుడు కూడా తగిలించడానికి బయటి నుంచి టెంటు హౌస్ కుర్రాడు వస్తాడు. ఆ కుర్రాడు పదో తరగతి ఫెయిలై ఆ పనిలో చేరినవాడు. పెళ్లిళ్లలో ఎల్‌ఈడీ తెరలు కలిపీ కలిపీ ఎంతటి ఇంజనీరుకూ తీసిపోని పనిమంతుడయ్యాడు. మనమేమో దూరంగా చేతులు కట్టుకుని నిలబడి చూస్తాం. ముట్టుకుంటే పాడవుతుందట!

వార్డెన్ గారి మీద మాకు కోపం లేదు. పాడైతే రికార్డుల్లో సమాధానం చెప్పుకోవలసింది ఆయనే. ఆడిట్ వచ్చినప్పుడు వస్తువు కనబడాలి, అంతే కానీ దాంతో ఎంతమంది నేర్చుకున్నారని ఏ ఆడిట్టూ అడగదు. కానీ మేము గౌరవంగా ఒక్కటి అడుగుతున్నాం. లోపలే ఉండి లెన్సుకు బూజు పట్టిన ప్రొజెక్టరు కంటే, పిల్లల చేతుల్లో నాలుగేళ్లు నలిగి పాడైన ప్రొజెక్టరు నష్టమా? పద్ధతిగా వాడితే అంత తొందరగా పాడవదు కూడా. ఆపాక ఫ్యాను తిరగడం ఆగేదాకా ప్లగ్గు పీకకూడదు, ప్లగ్గును బలవంతంగా నొక్కకూడదు, గాలి పోయే జాలీకి ఏదీ అడ్డం పెట్టకూడదు. ఈ మూడూ పాటిస్తే చాలావరకు సరిపోతుంది.

చెల్లెళ్ల గురించి ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. బాలికల హాస్టల్లో చదివిన మా మిత్రురాలు ఒక మాట అంది. అక్కడ ఫంక్షన్ జరిగితే వైరు తగిలించడానికి వాచ్‌మన్ అన్ననో, పక్క కాలేజీ అబ్బాయినో పిలుస్తారట. అమ్మాయిలకు రంగవల్లులు, స్వాగత గీతం, పూలగుచ్ఛాలు. పీజీ లాబ్‌లో కూడా ఆమె లేచి వైరు దగ్గరికి వెళ్తే, "ఉండమ్మా, అబ్బాయిలు చూస్తారు" అన్నారట. అది మర్యాదగానే అన్నారు. మర్యాదగా దూరం పెట్టినా దూరమే. అదే అమ్మాయి రేపు ఏ స్కూల్లోనో టీచరుగా చేరితే ఎవరిని పిలవాలి?

రెండు అభ్యంతరాలు మాకు ముందే తెలుసు. ఒకటి, ప్రొజెక్టర్ల కాలం అయిపోతోంది కదా, గోడలకు పెద్ద టచ్ ప్యానెళ్లు వస్తున్నాయి కదా అని. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి నాడు-నేడు కింద ప్రభుత్వ పాఠశాలల్లో అవి పెట్టారు. కానీ ఆ ప్యానెల్ పక్కన కూడా హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటుంది, దానికీ "సోర్స్" బటన్ ఉంటుంది. వైరు లేకుండా కలిపే పద్ధతి కూడా ఉంది, విండోస్‌లో కీ, కె నొక్కితే వస్తుంది. అయితే రెండు వైపులా ఆ సౌకర్యం ఉండాలి. సెమినార్ రోజునే అది మొండికేస్తే వైరే దిక్కు. ఆకారాలు మారుతూనే ఉంటాయి. ఒకసారి చెయ్యి పడితే తర్వాతి ఆకారం చూసి బెదరం.

రెండో అభ్యంతరం, ముందు చదువుకోండి, వైర్ల సంగతి తర్వాత అని. ఇది మన పెద్దలే అంటారు. వాళ్ల ప్రేమ మాకు అర్థమవుతుంది. మేము వైర్ల పని చేయకూడదనే కదా వాళ్లు మమ్మల్ని చదివించింది. కానీ ఇప్పుడు చదువు చివరికి వచ్చేసరికి ఎదురయ్యేది ఈ వైరే. థీసిస్ వైవాలో, ఉద్యోగం డెమో క్లాసులో, ట్రైనింగులో మొదటి ఐదు నిమిషాలు దీని చేతిలోనే ఉన్నాయి.

కాబట్టి పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ మా విన్నపం ఇది. ప్రతి వార్షికోత్సవానికీ మీరు శాలువాలూ మొమెంటోలూ తెస్తున్నారు. ఈసారి ఒక్కొక్కరు ఒక్కొక్క వైరు తెండి. ఒక వీజీఏ వైరు, ఒక హెచ్‌డీఎంఐ వైరు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు ఒకటి, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి ఒకటి, టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి ఒకటి. వీలైతే పాత మినీ డిస్‌ప్లేపోర్టుది ఒకటి. ఇంట్లో మూలపడిన పాత లాప్‌టాప్ ఉంటే అది కూడా ఇవ్వండి, బ్యాటరీ పోయినా ఛార్జరు పెట్టి నడుస్తే చాలు. విండోస్‌ది ఒకటి, ఉబుంటు ఎక్కించింది ఒకటి ఉంటే మరీ మంచిది. వాటినన్నిటినీ ఒక పాత ట్రంకు పెట్టెలో పెడదాం. ఒక్కొక్క వైరుకు అట్టముక్క కట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో తెలుగులో రాద్దాం.

నెలకు ఒక ఆదివారం, ఉదయం స్టడీ అవర్ అయ్యాక, రెండు గంటలు. తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి వైరు పెట్టాలి, తియ్యాలి, బొమ్మ తెప్పించాలి. పక్కనున్నవాళ్లు నోటితో చెప్పొచ్చు కానీ చెయ్యి పెట్టకూడదు. బొమ్మ వచ్చినవాళ్లు ఆ వెలుగులో నిలబడి, తమకు నచ్చిన పాఠం ఏదైనా రెండు నిమిషాలు చెప్పాలి. మేము వంతులు వేసుకుని వస్తాం, బస్సు ఛార్జీలు మావే. వార్డెన్ గారితో ఇప్పటికే మాట్లాడాం. పెట్టె వరకు అభ్యంతరం లేదన్నారు, స్టాక్ రిజిస్టరులో దానికి ఒక పేజీ కేటాయిస్తామన్నారు. బీరువా తాళం సంగతి మాత్రం పైవాళ్లను అడిగి చెప్తానన్నారు. దరఖాస్తు రాసి పెట్టాం. వార్షికోత్సవం రోజు డైనింగు హాలు గుమ్మం దగ్గర ఉంచుతాం, సంతకాలు కావాలి.